గౌరీశంకర్ గొలుసుకుట్టు

గురువారం గౌరీశంకర్‌కి వీక్లీ ఆఫ్. ఆ పొద్దున్న అతని ప్లాను చాలా చిన్నది. రెండో టీ తాగాలి, ఇంటికి కొత్తగా వచ్చిన కేబుల్ టీవీలో క్రికెట్టు చూడాలి, మధ్యాహ్నం పప్పుచారుతో భోంచేసి గుర్రుపెట్టాలి. కంపెనీలో కాగిన ఉక్కు గంగాళాలు మోసే క్రేను నడిపే మనిషికి అంతకంటే పెద్ద కోరికలు ఉండవు.

పద్మకుమారి గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఆ ప్లానులో ఇంకో చిన్న పని ఇరికించింది.

"నాను కద్మాలో అక్కింటికెల్తన్నాను. సాయంత్రం గుంటని కాలేజీ కాడ ఎక్కించుకుని ఇద్దరం కలిసి వత్తాం. దాని క్రీం కలర్ కుర్తా ఇస్త్రీ చేసి ఉంచండి. రేపు ఫేర్‌వెల్‌కి ఏసుకుంటాదంట. సన్నపు బట్ట, జాగర్త!"

"కాగిన ఉక్కు సుక్క కింద పడకుండా ఎత్తి దించేవోణ్ణి. నాకు జాగర్త సెప్తావేటి?"

"పాపా, టీవీ బంద్ కర్‌కే కర్నా," అంటూ సౌజన్య పుస్తకాలు పట్టుకుని బయటికి పరిగెత్తింది. తల్లిదండ్రులు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం హిందీ మాట్లాడే ఆ ఊళ్ళోనే పుట్టిపెరిగిన పిల్లకి అలవాటు. టీవీ కట్టేసి ఇస్త్రీ చెయ్యమని ఆమె భావం.

గౌరీశంకర్ టీవీ కట్టలేదు. కుర్తాని బల్ల మీద పరిచాడు, నీళ్ళు చిలకరించాడు, భుజాలు నున్నగా చేశాడు. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి బ్యాట్స్‌మన్ బంతిని ఆకాశంలోకి లేపాడు. కింద ఫీల్డరు రెండు చేతులూ చాచి వెనక్కి వెనక్కి పరిగెడుతున్నాడు. పడతాడా, వదిలేస్తాడా? గౌరీశంకర్ ఊపిరి బిగబట్టి చూశాడు. ఫీల్డరు వదిలేశాడు. "అరే యార్!" అని తొడ మీద కొట్టుకున్నాక, మాడు వాసన తగిలి పక్కింట్లో ఎవరో పాలు మాడబెట్టారనుకున్నాడు. ఆ తర్వాత కిందికి చూశాడు.

ఎడమవైపు, సరిగ్గా గుండె ఉండే చోట, రూపాయి బిళ్ళంత చిల్లు. దాని చుట్టూ గోధుమరంగు అంచు.

ఆ కుర్తా కోసం సౌజన్య సాక్చి బజారులో ఎక్కని దుకాణం లేదు. ఏం చెయ్యాలో తోచక గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఒక ఆలోచన తట్టింది. పద్మకుమారి ఈమధ్యనే పక్క లైన్లో సూర్యకాంతం దగ్గర ఎంబ్రాయిడరీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. "చిరుగుంటే ఏడవకండి, దాని మీద పువ్వు కుట్టండి" అని సూర్యకాంతం చెప్పిందని ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది. గౌరీశంకర్ చొక్కా తగిలించుకుని పరిగెత్తాడు.

సూర్యకాంతం వాళ్ళుండే అగ్రికో కాలనీలో తెలుగువాళ్ళందరికీ పిన్ని. ఆమె వరండాలో చాప మీద నలుగురైదుగురు ఆడపిల్లలు జేబురుమాళ్ళ మీద సూదులతో కుస్తీ పడుతున్నారు. మగమనిషి గుమ్మంలో కనబడేసరికి అందరూ తలలెత్తారు.

"ఏటి బాబూ, ఇలాగొచ్చేవు?"

"పద్మ అడిగి రమ్మంది పిన్నీ. ఒక బట్టకి చిల్లుందనుకో... ఉందని కాదు, ఉందనుకో. దాని మీద పువ్వెలా కుట్టాల?"

సూర్యకాంతానికి పాఠం చెప్పడమంటే ప్రాణం. ఎవరికి, ఎందుకు అని ఆలోచించకుండా మొదలుపెట్టేసింది. "ముందు చిల్లు ఎనకాల మాసికెయ్యాల. తరవాత రింగు బిగించాల. బట్ట డప్పులాగ మోగాల. దారంలో ఆరు పోగులుంటాయి, మూడే తియ్యాల. కొత్తగా నేర్సుకునేవోళ్ళకి గొలుసుకుట్టే తేలిక. సూది పైకొచ్చిన సిల్లులోనే మళ్ళీ దించి, కొంచెం ముందర పైకి తీసి, దారాన్ని సూదిమొన కింద తిప్పి మెల్లిగా లాగాల. బిగించేవంటే బట్ట ముడుసుకుపోద్ది. తెలిసిందా?"

గౌరీశంకర్ కళ్ళు మూసుకుని మొత్తం మనసులోనే ఒకసారి నడిపి చూసుకున్నాడు. దించాలి, ముందుకి తియ్యాలి, కొక్కెం వెయ్యాలి, మెల్లిగా ఎత్తాలి. ఇది అచ్చం తన డ్యూటీయే! "తెలిసిపోయింది పిన్నీ! రింగూ దారాలూ ఉంటే ఇప్పించు. జల్దీ!"

"ఇంత తొందరేటి?"

"సాయంత్రానికి ఇద్దరు వత్తన్నారు. ఆళ్ళు సూసీసరికి మా అమ్మాయి కుర్తా మెరిసిపోవాల."

సూర్యకాంతం చేతిలో సూది ఆగిపోయింది. "ఎవులు? ఎక్కణ్ణించి?"

"కద్మా నుంచి," అన్నాడు గౌరీశంకర్. పెళ్ళానికీ కూతురికీ భయపడి వచ్చానని అంతమంది ఆడపిల్లల ముందు ఏం చెప్తాడు?

కద్మా నుంచి ఇద్దరు. సాయంత్రానికి. అమ్మాయి బట్టలు మెరవాలి. సూర్యకాంతం ముఖం పండగలా వెలిగింది. "ముందే సెప్పొద్దేటి బాబూ!" అంటూ లోపలికి వెళ్ళి, ఎవరికీ ఇవ్వని సొంత పెట్టెలోంచి ఎర్ర పట్టుదారం, బంగారు రంగు దారం, కొత్త రింగు, సన్నసూది తెచ్చి అతని చేతిలో పోసింది. ఎంత మంచి మనిషి, అనుకుంటూ గౌరీశంకర్ ఇంటికి ఎగిరినట్టు వెళ్ళాడు.

తలుపు గడియ పెట్టి, లుంగీ కట్టుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పద్మకుమారి గాజు ఒకటి కుర్తా మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీశాడు. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం చాలా సేపు పట్టింది. ఎంత ఎత్తునుంచైనా కొక్కెం గురి తప్పనివాడు అంత చిన్న బెజ్జానికి ఓడిపోతుంటే అతనికే నవ్వొచ్చింది. మొదట తొందరలో ఆరు పోగులూ ఎక్కించేశాడు. రేక కాస్తా తాడులా తేలింది. విప్పేసి మూడు పోగులతో మళ్ళీ వేశాడు. వేలికి పొడుచుకుంది. చీకి మళ్ళీ వేశాడు.

అప్పుడు మొదటి గొలుసు పడింది.

సూది పైకొచ్చింది, దారం దాని చుట్టూ వంగింది, లాగేసరికి చిన్న ఎర్ర కన్ను ఒకటి బట్ట మీద తెరుచుకుంది. దాని కడుపులోంచి ఇంకొకటి. అందులోంచి మరొకటి. "అరె వాహ్!" అని గౌరీశంకర్ పైకే అనేశాడు. టీవీలో ఎవరో సెంచరీ కొట్టి బ్యాటు ఊపుతున్నారు, అతను తలెత్తలేదు. గులాబీ మొదటి చుట్టు అయ్యింది, రెండో చుట్టు అయ్యింది. చిల్లు మూసుకుపోయింది. కానీ పక్కన గోధుమరంగు మచ్చ తొంగిచూస్తోంది. దాని మీద ఆకు వేశాడు. ఆకు ఒంటరిగా ఉందని కాడ వేశాడు. కాడకి మొగ్గ లేకపోతే ఏం బావుంటుంది? మొగ్గ వేశాడు. మొగ్గ ఒక పక్కకి వాలిపోయిందని దాన్ని నిలబెట్టడానికి ఇంకో తీగ లాగాడు. తీగ భుజం దాకా పాకింది. ఇన్నేళ్ళలో అతని చేతులు ఎత్తినవన్నీ బరువులే. ఇప్పుడు వేళ్ళ చివర ఒక పూలతోట లేస్తుంటే ఒళ్ళంతా పులకరించింది. పప్పుచారు సంగతే మర్చిపోయాడు.

తలుపు దబదబ మోగింది.

"బావా! తలుపు తియ్యి! కుర్సీలట్టుకొచ్చేను!"

చిన్నారావు గొంతు. కంపెనీలో గౌరీశంకర్ ఉన్న షాపులోనే, అంటే అదే విభాగంలో పనిచేస్తాడు, వెనక క్వార్టర్లో ఉంటాడు. గౌరీశంకర్ లేచి నిలబడ్డాడు. అతనితోపాటు కుర్తా కూడా లేచి నిలబడింది. లాగాడు, రాలేదు. గట్టిగా లాగాడు, లుంగీ కూడా దానితో వచ్చింది. గులాబీ, ఆకు, మొగ్గ, సగం తీగ, అన్నిటినీ కుర్తాతోపాటు ఒళ్ళోని లుంగీకి కూడా కలిపి కుట్టేశాడు!

తలుపు జానెడు తెరిచి, తల మాత్రం బయటపెట్టాడు. చిన్నారావు వెనక ఇనప మడతకుర్చీలు బారుగా నిలబెట్టి ఉన్నాయి.

"కుర్సీలేటిరా?"

"ఏటేటి బావా! సూర్యకాంతం పిన్ని అందరికీ సెప్పేసింది. కద్మావోళ్ళని నేల మీద కూకోబెడతావేటి? క్లబ్బులోంచి అడిగి తెచ్చేను."

కద్మా నుంచి తోడల్లుడు గాని జనాన్ని వేసుకుని వస్తున్నాడేమో అనుకున్నాడు గౌరీశంకర్. ఆలోచించే తీరిక లేదు, లుంగీ జారుతోంది. "సరే సరే, వరండాలో పెట్టేసి ఎల్లు. నాను బయటికి రాలేను."

"నీకు లోపల పనులుంటాయిలే. నాకు బి షిఫ్టు, సాయంత్రం ఉండలేను. షాపులో అందరికీ ఖబర్ ఇచ్చేత్తాను!"

"ఏటి ఖబర్?" అని అడిగేలోగా చిన్నారావు స్కూటరు సందు మలుపు తిరిగింది.

గౌరీశంకర్ కత్తెర పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. దారం కోస్తే గులాబీ పోతుంది. ఆ గులాబీని చూస్తూ చూస్తూ ఎవడు కోస్తాడు? లుంగీనే కోశాడు, పువ్వు వెనక చుట్టూరా. లుంగీకి కిటికీ పడింది గానీ కుర్తా విడివడింది. తిరగేసి చూస్తే వెనకాల నీలం గళ్ళ గుడ్డ చిల్లుకి అతుక్కుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, మాసిక వెయ్యడమే మర్చిపోయాడని. ఇప్పుడు అదీ పడిపోయింది! ఆనందం పట్టలేక కుర్తాని గోడకి తగిలించి, దూరంగా వెళ్ళి చూశాడు, దగ్గరికొచ్చి చూశాడు.

బయట సందడి బాగా పెరిగిందని కాసేపటికిగాని అతనికి తెలియలేదు. ప్యాంటు తొడుక్కుని తలుపు తీసేసరికి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. మెట్ల ముందు పెద్ద ముగ్గు. కుర్చీల్లో లైను ఆడవాళ్ళంతా కూర్చున్నారు. పట్టుచీర కట్టుకుని, లడ్డూల పళ్ళెం పట్టుకుని సూర్యకాంతం నిలబడి ఉంది.

"ఇదేటి పిన్నీ?"

"నువ్వేటీ మాట్లాడకు. ఒక్కడివీ ఎన్నని సూసుకుంటావు? కాఫీ సంగతి మేం సూత్తాం."

అంతలో ఆటో ఆగింది. పద్మకుమారి ఒక కాలు కింద పెట్టి, తోరణాన్నీ కుర్చీల్నీ జనాన్నీ చూసి, రెండో కాలు పెట్టడం మర్చిపోయింది. వెనక సౌజన్య నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"వచ్చేవా?" సూర్యకాంతం ఎదురెళ్ళింది. "నాకొక్క ముక్క సెప్పకూడదేటే? పిల్లని సూసుకోడానికి వత్తన్నారని నీ మొగుడు సెప్తే తెలిసింది. ఇంతకీ అబ్బాయి ఏటి సేత్తాడు?"

గౌరీశంకర్ నెత్తిన పిడుగు పడింది. వరండా స్తంభం పట్టుకున్నాడు. అటు పద్మకుమారి బుర్రలో ఏం తిరిగిందో గానీ, తన ఇంటి సంగతి తనకే తెలియదని పదిమందిలో ఒప్పుకోవడం ఆమె ఇంటావంటా లేదు.

"ఇంజినీరు," అంది, పమిట సర్దుకుంటూ.

ఆ మాట వినగానే సౌజన్య ముఖం పాలిపోయింది. గబగబా మెట్లెక్కి, తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"పాపా! భార్గవ్ నే ఆప్‌కో సబ్ బతా దియా?"

భార్గవ్ మీకు అంతా చెప్పేశాడా అని అడుగుతోంది కూతురు. గౌరీశంకర్ ఆమె వైపు తెల్లబోయి చూశాడు. "భార్గవ్ ఎవుడు?"

సౌజన్య చెయ్యి వదిలేసింది. "కోయీ నహీఁ," అంది, ఎవరూ లేరని.

"ఎవుడూ లేకపోతే పేరెక్కణ్ణించి వచ్చింది?" గుమ్మంలో పద్మకుమారి నిలబడి ఉంది. "దాని సంగతి తరవాత. ముందు మీరు సెప్పండి. ఎవుల్ని రమ్మన్నారు?"

"మిమ్మల్నే!" అన్నాడు గౌరీశంకర్, దాదాపు ఏడుపు గొంతుతో. "సాయంత్రం ఇద్దరు వత్తారన్నాను, అంతే. నువ్వూ, గుంటానూ! కద్మా నుంచి రావట్లేదేటి నువ్వు?" అని గోడ మీది కుర్తా తీసి ఇచ్చి, ఇస్త్రీపెట్టె నుంచి లుంగీ దాకా అంతా చెప్పేశాడు.

పద్మకుమారి కుర్తాని తిప్పి ముందు చూసింది, వెనక చూసింది, నీలం గళ్ళ దగ్గర ఆగింది. ఆమె పెదవులు బిగుసుకున్నాయి. తిడుతుందో నవ్వుతుందో తేలకముందే బయట స్కూటరు కీచుమని ఆగింది. ఆ వెంటనే ఆడవాళ్ళ కేక.

"పెళ్ళికొడుకొచ్చేసేడు!"

ముగ్గురూ బయటికి పరిగెత్తారు. ముగ్గు నడిబొడ్డున ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. కాళ్ళకి డ్యూటీ బూట్లు, నెత్తిన పచ్చ హెల్మెట్, ఒళ్ళంతా చెమట. వాళ్ళు చూస్తుండగానే సూర్యకాంతం అతని చేతిలో లడ్డూ పెట్టి కుర్చీలో కూలేసింది. ముఖం తెలియలేదు గానీ, ఆ హెల్మెట్ మీద అడ్డంగా ఉన్న గీత చూసి గౌరీశంకర్ గుర్తుపట్టాడు. తను క్రేను మీంచి రోజూ చూసే హెల్మెట్ అది, షాపులోకి కొత్తగా వచ్చిన ట్రైనీ ఇంజినీరుది.

కుర్రాడు లడ్డూతో సహా లేచి నిలబడ్డాడు. "అంకుల్, నా పేరు భార్గవ్. చిన్నారావుగారు చెప్పగానే వచ్చేశాను. ఒక్క మాట వినండి. దయచేసి ఆ సంబంధం ఒప్పుకోకండి."

"ఏ సంబంధం బాబూ?"

"ఇవాళ మీ అమ్మాయిని చూడ్డానికొచ్చిన సంబంధం."

గౌరీశంకర్ కుర్చీలన్నీ ఒకసారి పరికించాడు. "వచ్చింది నువ్వొక్కడివే కద బాబూ."

భార్గవ్ వెనక్కి తిరిగి చూశాడు, ముగ్గు చూశాడు, చేతిలో లడ్డూ చూశాడు. సౌజన్య రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని గౌరీశంకర్ ఒక అడుగు ముందుకి వేశాడు. వేళ్ళ సందుల్లోంచి నవ్వు వినిపించింది. "నేను చెప్దామనే అనుకున్నా నాన్నా," అంది, తెలుగులో. ఆ పిల్ల నోట తెలుగు వినేసరికి విషయం ఎంత దూరం వెళ్ళిందో గౌరీశంకర్‌కి అర్థమైపోయింది.

"మీ ఇల్లెక్కడ బాబూ?" అంది పద్మకుమారి.

"కద్మా అండీ. నాన్నగారూ ఇంజినీరే. ఆదివారం అమ్మావాళ్ళని తీసుకొస్తాను. నిజంగా!"

పద్మకుమారి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, ఇదంతా తను ఎప్పుడో అనుకున్నదే అన్నంత తాపీగా చెప్పింది. "ఇవాళ అబ్బాయొక్కడే వచ్చేడు పిన్నీ. పెద్దోళ్ళు ఆదివారం వత్తారు."

లడ్డూలు పంచారు, కాఫీలు తాగారు. గోల సద్దుమణిగాక సూర్యకాంతం కుర్తా చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుంది. గౌరీశంకర్ ఊపిరి బిగబట్టాడు.

"మొగ్గ తాగినట్టు వాలిపోయింది. ఆకు సాలా లావైంది. గొలుసు మాత్రం... ఒక్క కన్నుకీ ఒక్క కన్నుకీ తేడా లేదే! ఎవులు కుట్టేరు పద్మా?"

పద్మకుమారి మొగుడి వైపు చూసింది. పాఠం తనే అడిగి రమ్మన్నట్టు అతను పిన్నితో చెప్పొచ్చాడు మరి. "నానే పిన్నీ, బయటికెల్లే ముందర," అంది, నేల చూస్తూ.

గౌరీశంకర్‌కి బావుందన్న సంతోషం ఒక పక్క, అది తనది కాకుండా పోయిన బాధ ఇంకో పక్క. ఆ మర్నాడు సౌజన్య ఆ కుర్తాయే వేసుకుని ఫేర్‌వెల్‌కి వెళ్ళింది. ఎక్కడ కొన్నావని అందరూ అడిగారంది. గౌరీశంకర్ ఆ రోజు క్రేను మీద కూర్చుని హుషారుగా ఈల వేశాడని కింద వాళ్ళు చెప్పుకున్నారు.

ఆదివారం భార్గవ్ తల్లిదండ్రులు వచ్చారు. తల్లి సత్యభామ నెమ్మదిగా మాట్లాడే మనిషి, నెమ్మదిగానే అన్నీ గమనించే మనిషి. క్వార్టరు చిన్నది, కుర్చీలు అరువువి. ఆఫీసరు ఇంటివాళ్ళ ముందు ఏం మాట్లాడితే ఏమవుతుందోనని గౌరీశంకర్ నోరు మెదపకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. సూదిపోట్లు పడ్డ వేళ్ళని తొడల కింద దాచుకున్నాడు. సౌజన్య కాఫీలు తెచ్చింది, అదే కుర్తాతో. సత్యభామ కప్పు పక్కన పెట్టి, పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, భుజం మీది తీగ వెంట వేలితో రాసుకుంటూ గులాబీ దాకా వచ్చింది.

"చాలా ముచ్చటగా ఉందండీ. అమ్మాయికి కుట్టుపని వచ్చా?"

సౌజన్య తల్లి వైపు చూసింది. పద్మకుమారి మొగుడి వైపు చూసింది.

"దానికి రాదండీ," అంది. "ఆళ్ళ నాన్నకొచ్చు."